తెల్లని మేనితో నల్లజాతి పక్షాన నిలిచిన వాల్టర్ వైట్

ఈ శీర్షిక క్రింద సాధారణంగా దైవసేవకుల జీవితాలను, మిషనరీల జీవితాలను తెలుపుతూ ఉంటాము. ఈసారి మేము ఎంచుకున్న వ్యక్తి బోధకుడు కాదు, మన బాప్టిస్టు సంఘస్థుడూ కాదు. అయినా ఆయన జీవితం మన యౌవనస్థులు తప్పక తెలుసుకోదగినది. ఒక మనిషిని ఒక జాతివాడని పిలవడానికి ఆధారమేమిటి? రంగా, రక్తమా, చట్టమా, లేక అతడు ఎవరి పక్షాన నిలిచాడన్నదా? ఈ ప్రశ్నకు తన బ్రతుకుతోనే జవాబిచ్చిన మనిషి అమెరికా దేశస్థుడైన వాల్టర్ వైట్.

ఆయన ఛాయాచిత్రం చూసినవారెవరూ ఆయనను నల్లజాతివాడని అనుకోరు. తెల్లని మేను, నీలి కళ్ళు, పసుపు వన్నె జుట్టు. అయిదు తరాలు వెనక్కి వెళితే ప్రతి మనిషికీ 32 మంది పూర్వీకులు ఉంటారు గదా! వారిలో 27 మంది తెల్లవారు, 5గురు మాత్రమే నల్లవారని వైట్ తన గురించి తానే లెక్క చెప్పుకున్నారు. అటువంటి మనిషి పాతికేళ్ళకు తక్కువ కాకుండా అమెరికాలోని నల్లజాతి ప్రజల అతి పెద్ద సంఘాన్ని నడిపించారు.

పుట్టుక, కుటుంబము

వాల్టర్ ఫ్రాన్సిస్ వైట్ 1893 జూలై 1న జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా పట్టణంలో జన్మించారు. తండ్రి జార్జి వైట్ తపాలా శాఖలో ఉత్తరాలు సేకరించే ఉద్యోగి. తల్లి మాడలిన్ పెళ్ళికి ముందు ఉపాధ్యాయిని. ఏడుగురు పిల్లలు. ఇంట్లో అందరూ తెల్లని మేనివారే. భక్తిగల కుటుంబం. కాంగ్రిగేషనల్ సంఘంలో సభ్యులు. ప్రతిదినం కుటుంబ ప్రార్థన, ఆదివారం విశ్రాంతి దినాచారం, శుభ్రమైన ఇల్లు, తీర్చి దిద్దిన పెరడు. ఇదీ వారి జీవన విధానం.

తెల్లగా ఉన్నవారు నల్లజాతివారు ఎలా అయ్యారని మన పాఠకులు అడగవచ్చు. దీనికి కొంత చరిత్ర తెలియాలి. బానిసత్వపు రోజులలో, 1662లో, వర్జీనియా కాలనీ ఒక చట్టం చేసింది. పుట్టిన బిడ్డ బానిసా, స్వతంత్రుడా అన్నది తల్లి స్థితిని బట్టి నిర్ణయమవుతుందని దాని సారాంశం. అంటే యజమాని తన బానిస స్త్రీ వలన బిడ్డను కంటే ఆ బిడ్డ కొడుకు కాదు, ఆస్తి! అలా తరతరాలుగా తెల్లని మేనిగల బానిసలు పుట్టుకొచ్చారు. బానిసత్వం 1865లో రద్దయ్యాక రైలు పెట్టెలు, బడులు, ఆసుపత్రులు రంగును బట్టి విడదీశారు. అప్పుడు ఎవరు ఏ పక్కవారో తేల్చవలసి వచ్చింది. లూసియానాలో హోమర్ ప్లెసీ అనే వ్యక్తికి ఎనిమిదింట ఒక వంతు మాత్రమే నల్ల రక్తం. 1892లో తెల్లవారి రైలు పెట్టెలో కూర్చున్నందుకు ఆయనను అరెస్టు చేశారు. 1896లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వేర్పాటు న్యాయమేనని తీర్పు చెప్పింది. 1924లో వర్జీనియా మరింత ముందుకు పోయింది. లేశమాత్రం నల్ల రక్తమున్నా, మిగతా అంతా తెల్ల రక్తమైనా, ఆ మనిషి తెల్లవాడు కాడని చట్టం చేసింది. ఒక్క చుక్క చాలునన్నమాట.

ఇందులోని విచిత్రం గమనించండి. ఒక చుక్క నల్ల రక్తం మనిషిని నల్లవాణ్ణి చేస్తే, ఒక చుక్క తెల్ల రక్తం తెల్లవాణ్ణి ఎందుకు చేయదు? లెక్కల పుస్తకంలో ఇటువంటి సూత్రం ఉంటే ఏ పిల్లవాడైనా తప్పు పట్టుకుంటాడు. ఇది రక్తానికి సంబంధించిన సూత్రం కాదు, అధికారానికి సంబంధించినది. ఎవరిని బయట నిలబెట్టాలో ముందే నిశ్చయించుకొని, తరువాత వెతుక్కున్న కొలబద్ద.

చిన్ననాటి వాల్టర్‌కు ఈ కొలబద్ద రోజూ తగిలేది. ట్రాము బండిలో నల్లవారి వైపు కూర్చుంటే తెల్లవారు ఎగతాళి చేసేవారు. తెల్లవారి వైపు కూర్చుంటే, దొంగతనంగా తెల్లవారమని చెప్పుకుంటున్నారని నల్లవారు నిష్ఠూరమాడేవారు.

ఆ సెప్టెంబరు రాత్రులు

1906 సెప్టెంబరు 22, శనివారం. అప్పటికి వాల్టర్‌కు 13 ఏళ్ళు. నల్లవారు తెల్ల స్త్రీలపై అత్యాచారాలు చేస్తున్నారని అట్లాంటా పత్రికలు రోజుల తరబడి కథలు అచ్చువేసి జనాన్ని రెచ్చగొట్టాయి. ఆ సాయంత్రం వేలాది తెల్లవారి మూక వీధుల మీద పడింది. కనిపించిన నల్లవారిని కొట్టి చంపింది. వాల్టర్ ఆ వేళ తండ్రితోపాటు తపాలా బండిలో ఉత్తరాలు సేకరిస్తున్నాడు. బూట్లు తుడిచే ఒక కుంటి నల్లజాతి కుర్రవాణ్ణి మూక వెంటాడి చంపడం ఆ పిల్లవాడు కళ్ళారా చూశాడు. తెల్లని మేను వలన తండ్రీ కొడుకులను ఎవరూ తాకలేదు. పారిపోతున్న ఒక వృద్ధురాలిని తండ్రి బండిలోకి లాగి కాపాడారు. ఆ మారణకాండలో కనీసం 25 మంది నల్లవారు ప్రాణాలు కోల్పోయారు.

మరునాటి రాత్రి మూక వారి వీధికే వచ్చింది. నల్లవాడికి ఇంత మంచి ఇల్లా అని దానిని తగులబెట్టడానికి కొందరు సిద్ధపడ్డారు. ఇంటి దీపాలు ఆర్పి, కిటికీ దగ్గర తండ్రి పక్కన నిలబడ్డాడు వాల్టర్. ఇంతలో దగ్గరలోని ఒక భవనంలో దాగి ఉన్న ఇరుగు పొరుగు నల్లవారు కాల్పులు జరపగా మూక చెదిరిపోయింది. ఆ చీకటిలోనే తాను ఎవరో తనకు తెలిసిందని ఆయన 1948లో వెలువరించిన ఆత్మకథలో చెప్పుకున్నారు. వేటాడబడే వారిలో తానొకడు. అయినా, ద్వేషంతో నిండిన ఆ ముఖాలలో తన ముఖం లేనందుకు ఆయన సంతోషించారు. రంగు ఆ రాత్రి మారలేదు. మారినది మనసు.

చదువు, సేవకు పిలుపు

1916లో అట్లాంటా విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రులై ఒక ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగంలో చేరారు. ఆ రోజులలో పట్టణ విద్యాబోర్డు తెల్లపిల్లల బడికి డబ్బు చాలదని నల్లపిల్లలకు ఏడవ తరగతిని తీసివేయాలని తలపెట్టింది. అంతకు ముందే ఎనిమిదవ తరగతిని తీసివేశారు. వైట్, ఆయన స్నేహితులు జనాన్ని కూడగట్టి, నల్లజాతి ప్రజల అభివృద్ధి కోసం 1909లో ఏర్పడిన జాతీయ సంఘానికి అట్లాంటాలో శాఖను స్థాపించారు. ఆ సంఘాన్ని ఇంగ్లీషు పొడి అక్షరాలతో ఎన్.ఏ.ఏ.సి.పి. అంటారు. ఏడవ తరగతి నిలిచింది. ఒక తరగతి గది కోసం మొదలైన పోరాటం ఒక నాయకుణ్ణి తయారు చేసింది. ఆ సభలలో యువకుడైన వైట్ మాటలు విన్న జేమ్స్ వెల్డన్ జాన్సన్ అనే నాయకుడు ఆయనను న్యూయార్కులోని ప్రధాన కార్యాలయానికి పిలిపించారు. 1918 జనవరి నెలాఖరులో వైట్ అక్కడ సహాయ కార్యదర్శిగా చేరారు.

మేని రంగును పనిముట్టుగా

చేరి రెండు వారాలు తిరగలేదు, టెన్నెసీ రాష్ట్రంలోని ఎస్టిల్ స్ప్రింగ్స్ అనే ఊరిలో ఒక నల్లవాణ్ణి మూక సజీవంగా తగులబెట్టిందని వార్త వచ్చింది. విచారణ లేకుండా మూక మనిషిని చంపడాన్ని లించింగ్ అంటారు. సంగతి తేల్చుకోవడానికి తానే వెళ్తానని వైట్ ముందుకు వచ్చారు. ఊరిలో తెల్లవాడిలాగా తిరిగారు. అంగడి అరుగుల మీద కూర్చొని మాటలు కలిపారు. ఎదుట ఉన్నది తమవాడే అనుకొని జనం తాము చేసిన ఘోరాలను గొప్పగా వర్ణించారు. ఆయన అన్నీ విని, తిరిగి వచ్చి పేర్లతో సహా అచ్చువేయించారు. ఇటువంటి పరిశోధనలు ఆయన 40కి పైగా చేశారు. ప్రతిదానిలోనూ ప్రాణాపాయం ఉంది.

వీటిలో ఆర్కన్సా రాష్ట్రంలోని ఇలేన్ సంఘటన మన రైతు కుటుంబాలవారికి సులభంగా అర్థమవుతుంది. అక్కడి నల్లజాతి పాలికాపులు తెల్ల భూస్వాముల భూముల్లో ప్రత్తి పండించేవారు. విత్తనం, తిండి, బట్ట అన్నీ భూస్వామి కొట్టులోనే అప్పు. పంట చివర లెక్క అతడిదే, ధర అతడిదే. సంవత్సరమంతా చాకిరీ చేసినవాడికి అప్పే మిగిలేది. 1919 సెప్టెంబరు 30 రాత్రి ఆ పాలికాపులు న్యాయమైన లెక్క అడగడానికి ఒక చిన్న చర్చిలో కూడుకున్నారు. బయట కాల్పులు జరిగాయి. ఒక తెల్లవాడు చనిపోయాడు. ఆ మీదట మూకలు, సైనికులు కలిసి నల్లవారిని వేటాడారు. ఎందరు చనిపోయారో సరియైన లెక్క లేదు. చంపినవారిలో ఒక్కరికీ శిక్ష పడలేదు గానీ, 12 మంది నల్లజాతి పాలికాపులకు మరణశిక్ష వేశారు.

వైట్ చికాగో పత్రికా విలేఖరిగా అక్కడికి వెళ్ళి గవర్నరును సైతం కలుసుకున్నారు. ఆయన ఎవరో ఊరిలో బయటపడిందని ఒక నల్లజాతి మనిషి రహస్యంగా హెచ్చరించగా, అప్పుడే బయలుదేరుతున్న రైలు ఎక్కారు. ఇంకాసేపు ఉంటే, తెల్లవాడిగా నటిస్తున్న నల్లవాడిని పట్టుకొని చేసే తమాషా చూసి ఉండేవారని రైలు గార్డు ఆయనతోనే అన్నాడట! ఆ 12 మంది కోసం సంఘం కోర్టులలో పోరాడింది. మూక భయంతో జరిగిన విచారణ విచారణే కాదని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. 1925 నాటికి అందరూ విడుదలయ్యారు.

తండ్రి మరణము

1931లో వైట్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. అదే సంవత్సరం తండ్రి జార్జి వైట్‌ను అట్లాంటాలో ఒక కారు ఢీకొట్టింది. స్పృహ లేని ఆయనను చూసి తెల్లవాడనుకొని ఆసుపత్రిలో తెల్లవారి విభాగంలో చేర్చారు. మంచి పడక, మంచి వైద్యం. తరువాత చామనచాయ అల్లుడు మామగారిని వెతుక్కుంటూ వచ్చాడు. అంతే, పొరపాటు జరిగిందని గ్రహించి రోగిని మంచం మీదనుండి తీసి, వీధికి అవతలి వైపున ఉన్న నల్లవారి విభాగానికి మార్చారు. అక్కడ మురికి, పురుగులు. కొన్ని రోజులకు ఆయన ప్రభువునందు నిద్రించారు.

ఒక్క గంట వ్యవధిలో ఆ రోగి శరీరంలో ఏమి మారింది? అదే గాయం, అదే రక్తం, అదే చర్మం. మారినది ఎదుటివారి అభిప్రాయం మాత్రమే. నల్లజాతి అనేది దేహంలో ఉన్నదా, చూసేవారి బుద్ధిలో ఉన్నదా అన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన పాఠం మాకు ఎక్కడా దొరకలేదు. అంత అన్యాయంలోనూ ఆ తండ్రి కుమారులకు ద్వేషించవద్దని, చదువుకున్న చదువును లేనివారి కోసం వాడమని చెప్పి కన్నుమూశారు.

నాయకత్వము, లోపములు

వైట్ నాయకత్వంలో సంఘం సాధించినవి ఎన్నో. 1930లో, ఆయన తాత్కాలిక కార్యదర్శిగా ఉన్నప్పుడే, నల్లవారి ఓటు హక్కుకు వ్యతిరేకంగా మాట్లాడిన జడ్జి పార్కర్‌ను సుప్రీంకోర్టుకు నియమించే ప్రతిపాదన సెనేట్‌లో 41-39 ఓట్లతో ఓడిపోయింది. 1939లో గాయని మరియన్ ఆండర్సన్‌కు రాజధానిలోని ఒక సభామందిరాన్ని రంగు కారణంగా నిరాకరించగా, లింకన్ స్మారకం మెట్ల మీద ఆమె కచ్చేరీ ఏర్పాటు చేయించడంలో ఆయన పాలుపంచుకున్నారు. 1946లో సైన్యం నుండి ఇంటికి వెళ్తున్న ఐజాక్ వుడర్డ్ అనే నల్లజాతి సైనికుని కళ్ళను పోలీసులు పోగొట్టగా, ఆ సంగతి ప్రెసిడెంటు ట్రూమన్‌కు స్వయంగా వివరించినవారిలో ఆయన ఉన్నారు. 1948లో ట్రూమన్ సైన్యంలో వేర్పాటును రద్దు చేశారు. 1949లో ఒక రేడియో చర్చా బృందంతో ప్రపంచ పర్యటన చేస్తూ వైట్ మన దేశానికీ వచ్చారు. 1954లో బడులలో వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏడవ తరగతి కోసం పోరాడిన మనిషి కళ్ళారా చూసిన విజయమది.

కానీ జీవనవేరు వ్రాసేవారు లోపాలను దాచరాదు. బైబిలు కూడా దావీదు పాపాన్ని దాచలేదు. వైట్ పట్టుదల గల మనిషి. సహచరులతో పడేది కాదు. గొప్ప పండితుడైన డుబాయిస్‌తో తగవు వచ్చి, 1934లో డుబాయిస్ సంఘాన్ని విడిచారు. నల్లవారు తమ కాళ్ళ మీద తాము విడిగా సంస్థలు కట్టుకోవాలన్న తన ఆలోచన వైట్‌కు అర్థం కాదని, కోరుకున్నచోట తెల్లవాడిగా తిరగగలవాడికి నల్లవాడి బాధ పూర్తిగా తెలియదని డుబాయిస్ భావం. 1949లో వైట్ తన భార్యతో విడాకులు తీసుకొని ఒక తెల్లజాతి స్త్రీని వివాహమాడినప్పుడు సొంతవారే చాలామంది ఆయన రాజీనామా కోరారు. అదే సంవత్సరం చర్మాన్ని తెల్లగా చేసే ఒక రసాయనాన్ని మెచ్చుకుంటూ ఆయన వ్రాసిన వ్యాసం మరింత నొప్పించింది. విడాకులను మేము సమర్థించము. అయితే ఆ వ్యాసం వ్రాసినవాడు తనకోసం ఆ తెలుపును ఎన్నడూ వాడుకోలేదన్నది కూడా నిజమే.

1955 మార్చి 21న, 61వ ఏట, గుండెపోటుతో ఆయన న్యూయార్కులో మరణించారు. జీవితమంతా కోరిన లించింగ్ వ్యతిరేక జాతీయ చట్టం ఆయన బ్రతికుండగా రాలేదు. ఆయన పోయిన 67 ఏళ్ళకు, 2022లో వచ్చింది.

మనము నేర్చుకోవలసినది

నల్లజాతి అంటే రంగు కాదని ఈ జీవితం చెబుతున్నది. 2003లో పూర్తయిన మానవ జన్యు పటం ప్రకారం ఏ ఇద్దరు మనుషులైనా 99.9 శాతం ఒక్కటే. జాతులను విడదీసే గీత ఆ పటంలో లేదు. అయినా జాతి వట్టి భ్రమ అని కూడా అనలేము. ఇలేన్‌లో చచ్చినవారు భ్రమ వలన చచ్చారంటే అది వారి సమాధులను అవమానించడమే. పైవారు గీసిన గీత వలన ఒక జనం కలిసి బాధపడ్డది, కలిసి పాడుకున్నది, కలిసి ప్రార్థించింది, కలిసి పోరాడింది. అలా బయటివారు అవమానంగా పెట్టిన పేరు లోపలివారికి బంధుత్వమయింది. వైట్‌ను నల్లజాతివాణ్ణి చేసినది చట్టమే. కానీ నల్లజాతివాడిగా ఉంచినది ఆయన ఎంపిక.

బైబిలు చదివేవారికి మోషే గుర్తుకు రాక మానడు. రాజభవనంలో పెరిగి, ఫరో కుమార్తె కుమారుడని అనిపించుకోగలిగినవాడు ఇటుకలు చేసే తన జనంతో శ్రమపడడానికి ఎంచుకున్నాడు. ఆ జనంలోనే ఒకడు నీవు ఎవడవని అతణ్ణి ప్రశ్నించాడు కూడా. డుబాయిస్ అడిగినదీ ఒక విధంగా ఆ ప్రశ్నే. జవాబు మాటతో కాదు, నలుబదేండ్ల నడకతో చెప్పవలసి వచ్చింది.

ఇక్కడ మన సంఘాల మాట కూడా ఒప్పుకోవాలి. అమెరికా బాప్టిస్టులు బానిసత్వం విషయమై 1845లో రెండుగా చీలిపోయారు. దక్షిణాది బాప్టిస్టు మహాసభ ఆ పాపాన్ని ఒప్పుకొని క్షమాపణ తీర్మానం చేసినది 1995లో, అంటే 150 ఏళ్ళకు. మరోవైపు ఒంగోలులో 1878 జూలైలో ఒక్క దినమే 2222 మంది బాప్తిస్మము పొందిన కాలానికి దగ్గరలోనే, 1881లో, ఇద్దరు బాప్టిస్టు సోదరీమణులు అట్లాంటాలో ఒక నల్లజాతి చర్చి నేలమాళిగలో నల్లజాతి బాలికలకు బడి పెట్టారు. అదే నేటి స్పెల్మన్ కళాశాల. ఒకే పేరు గల సంఘంలో గీత గీసినవారూ ఉన్నారు, చెరిపినవారూ ఉన్నారు.

చివరగా ఒక మాట. ఊరు విడిచి కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ నేలల్లో స్థిరపడిన మనలో కొందరు పుట్టిన పల్లె పేరు చెప్పడానికి వెనుకాడుతుంటాము. మేము కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దె ఇల్లు వెతుక్కుంటూ, ఇంటివారు మాదెక్కడ, మేమెవరమని అడిగితే, పల్లె మాట ఎత్తక ఊరి పేరు మాత్రం చెప్పి ఊరుకున్నాము. ఇల్లు దొరికింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మా తల్లిదండ్రులను రమ్మని పిలవడానికి మాకు ధైర్యం చాలలేదు. వైట్ తానెవరో దాచినది తనవారి ప్రాణాల కోసం. మేము దాచినది మా సుఖం కోసం. ఈ రెండింటికీ ఉన్న తేడా ఆయన జీవితం చదివిన తరువాతనే మాకు బాగా తెలిసింది.

అవసరానికి దాచుకున్నవారిని మనము తీర్పు తీర్చవద్దు. కాని మన పిల్లలకు మనము ఎక్కడనుండి వచ్చామో, ఎవరి ప్రార్థనల మీద నిలిచామో చెప్పుదాము. ఇంకా బాధలో ఉన్న తనవారి పక్కన ఎవరు నిలబడతారో వారే ఆ జనానికి నిజమైన బిడ్డలు. ప్రభువు మనందరికీ ఆ ధైర్యం దయచేయును గాక. ఆమేన్.